శకుంతల మేడం రాసిచ్చిన కాయితం

మొన్న బ్యాంకులో పాసుపుస్తకం అచ్చు వేసే మిషన్ కిర్రుకిర్రుమంటోంది. కౌంటర్లో అమ్మాయి ఏదో కాయితం నా ముందుకు తోసి, "చదివేరా తాతగారూ? అయితే ఇక్కడ సంతకం పెట్టెయ్యండి" అంది. ఆ చప్పుడూ ఆ ప్రశ్నా ఒకేసారి చెవిలో పడేసరికి, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి "ఆయ్" అని వచ్చేసింది. నేను చదవలేదు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. కాయితం దగ్గరికి లాక్కున్నాను. "లేదమ్మా, చదవలేదు. చదివి పెడతాను, ఆగు" అన్నాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ. ఇరవై అయిదేళ్ళ కిందట అలాంటి మిషనే అలాగే కిర్రుమంటున్న గదిలో, ఇలాంటి ప్రశ్నకే నేను ఆయ్ అన్నాను. అడిగినావిడ పేరు శకుంతల మేడం. ఆవిడ గురించి రాయాలని కూర్చుంటే నా గురించిన చెడ్డ సంగతే ముందు రాయవలసి వస్తోంది. అది దాచిపెట్టి ఆవిడని పొగిడితే ఇంకో అబద్ధమవుతుంది.

నేను పుట్టింది అంబాజీపేట పక్కన. పదేళ్ళప్పటి నుంచి కొబ్బరికాయలు వలిచాను. నేలలో పాతిన గునపానికి కాయని గుచ్చి మూడు తిప్పులు తిప్పితే పైనున్న పీచు డొక్క ఊడి రావాలి. నలభై దాటేసరికి నడుం పట్టేసి వంగలేకపోయాను. అప్పటికి రెండేళ్ళ ముందు మా పేటలో పెద్దవాళ్ళకి సాయంత్రంపూట బడి పెడితే వెళ్ళి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా పక్కింటి ఏడుకొండలూ నేనూ ఒకే చాప మీద కూర్చుని అ ఆలు దిద్దాం. ఆ చదువు ఆసరాతో అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో తుడిచే పనికి కుదిరాను. అక్కడ అన్నీ నడిపేది శకుంతల మేడం. ఆవిడది కర్నూలు వైపు, భర్త ఉద్యోగం వల్ల మా ఊరు వచ్చారు. వయసులో నాకంటే పన్నెండు, పదమూడేళ్ళు చిన్న. మొదటిరోజే "వీర్రాజుగారూ, మీరు టీ తాగుతారా?" అని అడిగారు. అప్పటిదాకా నన్ను ఒరేయ్ వీర్రాజూ అన్నవాళ్ళే గాని, గారు తగిలించినవాళ్ళు లేరు. నా వెనకాల ఇంకో వీర్రాజు ఉన్నాడేమోనని తిరిగి చూశాను.

మా సెంటర్‌కి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. అక్కడ ఉన్నవాళ్ళు ఎవరిచేతో మెయిల్ కొట్టిస్తారు, మేడం దాన్ని అచ్చు తీసి పేరు రాసి ఉంచుతారు, ఇళ్ళవాళ్ళు వచ్చి పట్టుకెళతారు. జవాబు కాయితం మీద రాసి ఇస్తే తిరిగి పంపిస్తారు. ఊళ్ళో అప్పటికి ఆ వసతి ఉన్నది అక్కడొక్కచోటే. ఫోను తీగకి మోడెం అనే పెట్టె తగిలిస్తే, అది కాసేపు కీచుమని అరిచి అవతలి మిషన్‌తో మాట కలిపేది. ఆ మాట కలపడం కంప్యూటర్‌కి పుట్టుకతో రాదు. లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది, అందులో ఈ విద్య కలిపి కట్టాలి. మేడం లినక్స్ అనే సిస్టం వాడేవారు. దాంట్లో ఎవరి కెర్నెల్ వారే కట్టుకోవచ్చు.

"కెర్నెల్ అంటే ఏమిటండీ?" అని అడిగాను ఒకసారి, తుడుస్తూ తుడుస్తూ.

"అన్నిటికంటే లోపల ఉండేది. కొబ్బరికాయలో కొబ్బరిని కూడా ఇంగ్లీషులో కెర్నెలే అంటారు."

"అయితే మేడంగారూ, నేను ముప్పయ్యేళ్ళు కెర్నెల్ పనే చేసేనండి. డొక్క తియ్యడం ఒక్కటే తేడా."

ఆవిడ నవ్వి, చీపురు పక్కన పెట్టించి, కుర్చీ లాగి కూర్చోబెట్టారు. అలా మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు నాకు కీబోర్డు మీదే వచ్చాయి. అందుకే నా ఇంగ్లీషు 'ఏ' అక్షరం దగ్గర మొదలవదు, 'క్యూ' దగ్గర మొదలవుతుంది. తెర మీద అచ్చక్షరాలు కూడబలుక్కుని చదివేవాడిని. కెర్నెల్ కట్టేటప్పుడు మిషన్ వరసగా ప్రశ్నలు అడుగుతుంది, ఫలానాది కావాలా, ఫలానాది ఉందా అని. కావాలంటే వై నొక్కాలి, అక్కర్లేకపోతే ఎన్. ఫోను తీగ మీద మాట కలిపే పీపీపీ అనే దాని ప్రశ్న వచ్చినప్పుడు మేడం వేలు తెర మీద పెట్టి చూపించేవారు. "ఇది మన ప్రాణం. దీనికి వై. మనకి లేని సామాను గురించి అడిగినప్పుడు ఎన్. అన్నిటికీ అవునంటే కెర్నెల్ లావెక్కిపోతుంది. లేని వస్తువుల కోసం వెతుక్కుంటూ మధ్యలో ఆగిపోతుంది."

"మావైపు మొహం మీద లేదనరండి" అన్నాను.

"మిషన్‌కి మొహం లేదు కదా వీర్రాజుగారూ."

మా ఆయ్ అన్న మాటతో ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. వడ్రంగిని "బల్లలు సోమవారానికి అవుతాయా?" అని అడిగితే వాడు "ఆయ్" అన్నాడు. నాలుగు సోమవారాలు పోయాయి, బల్లలు రాలేదు. ఒకరోజు నన్ను నిలదీశారు. "నాకు తెలియక అడుగుతాను, ఆయ్ అంటే అవునా? విన్నాననా? ఇక మీరు దయచేయండనా?"

"మూడూనండి" అన్నాను.

"మరి లేదని ఎప్పుడు చెబుతారు?"

"చెప్పమండి. ఎదటివాళ్ళే గ్రహించుకోవాలి."

ఆవిడ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఏడు వానాకాలంలో రెండో ఫోను లైను పెట్టాలని ఓనరుగారు పట్టుబట్టారు. రెండో మోడెం తగిలించాలంటే కొత్త కార్డు పెట్టాలి, ఆ కార్డుని మిషన్ గుర్తుపట్టాలంటే కెర్నెల్ మళ్ళీ కట్టాలి. సరిగ్గా అప్పుడే మేడం అక్కగారి కూతురి పెళ్ళి. శుక్రవారం బస్సుకి బయల్దేరుతూ కార్డు తనే బిగించి, నాకొక కాయితం రాసిచ్చారు. "లైను రేపు వస్తుంది. ఆదివారం సెలవు కదా, తీరిగ్గా ఇందులో ఉన్నట్టు చెయ్యండి. మీరు నాతో మూడుసార్లు చేశారు. చదవగలరా?"

కాయితం చూశాను. పక్కన అచ్చు మిషన్ కిర్రుమంటోంది. గొలుసుకట్టు రాత. తెలుగు ముక్క, ఇంగ్లీషు ముక్క, అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పరుగెత్తుతున్నాయి. నాకు విడివిడిగా నిలబడ్డ అచ్చక్షరాలు తప్ప కలిపిరాత ఒక్క ముక్క రాదు. ఆ మాట ఆవిడకి తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు. గారు అని పిలిచే మనిషి ముందు నాకు చదవడం రాదని ఎలా అనను?

"ఆయ్" అన్నాను.

"ఒకసారి పైకి చదవండి, నేను ఉండగానే సందేహాలు తీరిపోతాయి."

"ఎందుకండీ, బస్సు పోద్దండి. మీరు వెళ్ళి రండి, నేను చూసుకుంటాను."

ఆవిడ నమ్మారు. నమ్మడమే ఆవిడ పద్ధతి.

ఆదివారం పొద్దున్నే ఒక్కడినే సెంటర్ తెరిచి కూర్చున్నాను. కాయితం ముందు పెట్టుకున్నాను గాని అది నాకు గోడతో సమానం. తెర మీద ప్రశ్నలు మొదలయ్యాయి. మేడంతో చేసినప్పుడు ఏది వై, ఏది ఎన్ అన్నది ఆవిడ వేలు చూసి నొక్కానే తప్ప ప్రశ్న చదివి నొక్కలేదు. పీపీపీ వచ్చింది, వై నొక్కాను. తర్వాతది తెలియలేదు. ఎన్ అంటే ఏం పోతుందోనని భయం, వై అంటే ఉంటే ఉంటుందిలే అని ధైర్యం. వై నొక్కాను. ఆ తర్వాతదానికీ వై. వందల ప్రశ్నలు. పెద్దింటి ముందు చేతులు కట్టుకు నిలబడ్డ పాలేరులా మిషన్ అడిగిన ప్రతిదానికీ ఆయ్, ఆయ్, ఆయ్ అన్నాను. మధ్యాహ్నం దాకా అది లోపల రుబ్బుకుని, సైజు మరీ పెద్దదైపోయిందని, ఇంకోలా కట్టి చూడమని అచ్చక్షరాల్లో చెప్పింది. అది చదవగలిగాను, అలాగే చేశాను. చదివి చేశానని గర్వపడ్డాను కూడా. సాయంత్రం పాత కెర్నెల్ మీదే కొత్తది పెట్టేసి, మిషన్ ఆపి మళ్ళీ వేశాను. నాలుగు వరసలు వచ్చాయి, అయిదో వరస సగంలో ఆగిపోయింది. లేని సామాను కోసం వెతుక్కుంటూ నిలబడిపోయింది. పదిసార్లు వేశాను, పదిసార్లూ అక్కడే.

సోమవారం పొద్దున్న తలుపులు తీసీ తియ్యకముందే ఏడుకొండలు వచ్చాడు. వాడి భార్య నూకరత్నం కువైట్లో ఒక ఇంట్లో పని చేస్తోంది. ఆ పక్కింటి డ్రైవరు మనవైపువాడు, అతనిచేత మెయిల్ కొట్టించేది. మేడం వెళ్ళేముందు అచ్చు తీసి ఉంచితే శనివారం పట్టుకెళ్ళిన మెయిల్ ఏడుకొండలు చేతిలో ఉంది. గడువు అయిపోతోందట. ఇంటికొచ్చేస్తావా, ఇంకో రెండేళ్ళు ఉంటావా అని యజమానులు అడుగుతున్నారట. బుధవారంలోగా చెప్పాలట. 'నన్ను రమ్మంటే రమ్మని రాయి. ఏమీ రాయకపోతే ఉండమన్నావనుకుని సంతకం పెట్టేస్తాను' అని రాయించింది. ఆ ఇంటికి ఫోను చేస్తే ఆడమనిషిని పిలవరు, పెట్టేస్తారు. ఇదొక్కటే దారి.

"ఇది పంపించెయ్ బావా" అని జవాబు కాయితం నా చేతిలో పెట్టాడు. వాడి రాత నాలాంటిదే, ఒక్కో అక్షరం ఒక్కో ఇటుక. చాప మీద నేర్చుకున్న రాత. నిలబడే చదివేశాను.

"లైను పోయింది బావా. రేపటికి వచ్చేస్తుంది" అన్నాను.

"కాకినాడ వెళ్ళి పంపించనా పోనీ? అక్కడుందంట."

"ఎందుకురా అంత దూరం, రేపు రా."

మంగళవారం వచ్చాడు. రేపు రా అన్నాను. బుధవారం పొద్దున్న వచ్చి, మధ్యాహ్నం వచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు. "ఏంటి బావా, నీ మిషన్‌కి జొరమా?" అని నవ్వడానికి చూశాడు. నేనూ నవ్వాను. ఓనరుగారు అడిగితే ఫోను లైను పోయిందన్నాను. ఆ మూడు రోజులూ మేడం రాసిచ్చిన కాయితం నా చొక్కా జేబులోనే ఉంది. ఓనరుగారు చదువుకున్న మనిషి. ఆయన చేతికిచ్చి 'ఇదేం రాశారో చదివి పెట్టండి' అంటే చాలు. దారిన పోయే కాలేజీ పిల్లకిచ్చినా చాలు. అడగలేదు. అడిగితే చదవడం రాదని తెలిసిపోతుంది. మిషన్ చెడగొట్టడం తప్పే గాని అది చేతకాని తప్పు. జేబులో కాయితం పెట్టుకుని, మెట్ల మీద వాణ్ణి కూర్చోబెట్టి, రేపు రా అనడం చేతకానితనం కాదు. దానికి వేరే పేరుంది, అది నాకు తెలుసు.

గురువారం పొద్దున్న మేడం బస్టాండు నుంచి నేరుగా వచ్చారు, చేతులకి గోరింటాకు ఎర్రగా ఉంది. తెర చూసి, బీరువా పై అరలోంచి ఒక ఫ్లాపీ తీసి పెట్టారు. మిషన్ లేచింది. కెర్నెల్ మళ్ళీ కట్టకుండా, విడిగా దాచుకున్నదొకటి తెచ్చి పెట్టారు. మోడెం కీచుమంది. మొత్తం అరగంట. మొట్టమొదట పంపింది ఏడుకొండలు జవాబే. అప్పటికే ఒక రోజు దాటిపోయింది.

"ఫ్లాపీ ఎక్కడుందో కాయితం వెనకవైపు రాశానే, చూడలేదా?" అన్నారు మెల్లగా. "ఏదీ, ఆ కాయితం ఓసారి ఇవ్వండి."

"తడిసిపోయిందండి. పారేసేనండి."

పల్చటి తెల్లచొక్కా నాది. ఆవిడ చూపు నా జేబు మీద ఒక్క క్షణం ఆగింది. అంతలో ఓనరుగారు అందుకున్నారు. "ఏమండీ, కాయలు వలుచుకునేవాడికి అప్పజెప్పి పెళ్ళికి పోతారా? నలుగురిలో పరువు పోయింది."

"తప్పు నాదండీ" అన్నారు మేడం. "కాయితంలో ఒక మెట్టు రాయడం మర్చిపోయాను. ఆయన రాసినట్టే చేశారు."

నేను చీపురు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆవిడ మర్చిపోలేదు, అన్నీ రాశారు. ఆ మాట అనవలసినవాణ్ణి నేను. అనలేదు. గది అవతలి మూలకి వెళ్ళి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. వారం తిరక్కుండా ఇంకో పని అప్పగించి కాయితం ఇచ్చారు. విప్పి చూస్తే ప్రతి అక్షరం విడివిడిగా, పెద్దదిగా, ఒకటో తరగతి వాచకంలోలా ఉంది. ఒక్క అక్షరం ఇంకోదాన్ని ముట్టుకోలేదు. ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. తల వంచుకుని చదువుకున్నాను. ఆవిడ తిట్టి ఉంటే ఆ పూటకి పోయేది. ఆ పైన పదిహేను నెలలు, రోజూ అరగంట, కవర్ల మీద అడ్రసులు కలిపిరాతలో రాయించారు. "నా చెయ్యి నొప్పిగా ఉంది, మీరు రాయండి" అనేవారు. చెయ్యి నొప్పి అబద్ధం. ఇవాళ ఇది రాస్తున్న రాత ఆవిడ పెట్టినదే.

భర్తకి బదిలీ అయి వెళ్ళిపోయేనాడు గెల కొబ్బరిబొండాలు పట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. బస్సు కదిలేలోగా ఆవిడ కిటికీలోంచి, "వీర్రాజుగారూ, నాతో ఏమైనా చెప్పాలా?" అని అడిగారు. దారి తెరిచి పెట్టారు. "లేదండి" అన్నాను. జన్మలో మొదటిసారి ఒకరి మొహం మీద లేదనడం వచ్చింది, దాన్ని అక్కడ వాడుకున్నాను. తర్వాత ఆవిడ ఎక్కడున్నారో తెలియదు. కర్నూలు అడ్రసుకి రెండు ఉత్తరాలు రాశాను, రెండూ తిరిగి వచ్చాయి.

నూకరత్నం రెండేళ్ళు నిండాక వచ్చింది. వచ్చిన పది రోజులకి, ఏడుకొండలు చెట్లెక్కి కొబ్బరికాయలు దింపడానికి వెళ్ళిన వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాను. ముందు వాడికి చెప్పే ధైర్యం లేకపోయింది, అదీ ఇక్కడ రాసేస్తున్నాను. ఆవిడ అరుగు మీద చేపలు కడుగుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. చదవడం రాని సంగతి, జేబులో కాయితం, రేపు రా అన్న మూడు రోజులు, అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి.

"లైను చెడిందని ఈయన చెప్పేరు, నేను నమ్మలేదు అన్నయ్యగారూ" అంది. "స్లాబు ఇంటి మీద ఆశపడి ఈయనే ఊరుకున్నారనుకున్నాను. రెండేళ్ళూ అదే అనుకున్నాను. వచ్చేక కూడా ఆయన కేసి సరిగ్గా చూడలేదు."

"జవాబు తర్వాతైనా వెళ్ళింది కదమ్మా."

"ఆ డ్రైవరు చూపించలేదు. సంతకం అయిపోయేక చూపిస్తే ఏడుస్తాననుకున్నాడంట. ఈయన్ని అడిగితే ఏదో రాసేన్లే అంటారు." గిన్నె పక్కకి జరిపింది. "మీరు చదివేరా దాన్ని?"

చదివానని చెప్పాను.

"ఏం రాసేరు?"

"'వచ్చెయ్ రత్నం. ఇల్లు ఎప్పుడో అవుద్ది. నువ్వు లేకపోతే అన్నం తినబుద్దెయ్యట్లేదు.' అంతే రాసేడమ్మా."

ఆవిడ చెంగుతో మొహం కప్పుకుంది. చెంగు తియ్యకుండానే అంది. "మిమ్మల్ని క్షమించేనని అనలేనండి. నాకు రావట్లేదు. ఇంకోసారి చెప్పండి, ఏం రాసేరో."

ఇంకోసారి చెప్పాను. మూడోసారి అడిగింది, మూడోసారీ చెప్పాను. అప్పుడు లేచి, చేతులు కడుక్కుని, మొగుడు చెట్టెక్కిన తోటకేసి చెప్పులు కూడా వేసుకోకుండా నడిచి వెళ్ళిపోయింది.